అరగంట మిషన్లు ఆపండప్పా

పేపర్ మీద పదమూడు ప్రశ్నలు రాసిచ్చినాడు ఫకృద్దీన్ సారు,
ఇంగ్లీషు మాటలే, తెలుగు అక్షరాల్లో, నేను చదవడానికి.
రోజూ రాత్రి షిఫ్టు దిగి, తలలో బండల దుమ్ము దులుపుకోని,
చొక్కా లోపలికి దోపి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటా.
"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అంటా.
వంటింట్లో మా ఇంటామె నవ్వు ఆపుకుంటాది.
లోహిత మాత్రం నవ్వదు.
రెండు చేతులూ ఒళ్లో పెట్టుకోని మొదలుపెడతాది.

నాకు ఇంగ్లీషు రాదు.
కానీ ఇరవై రెండేళ్లుగా తాడిపత్రిలో బండలకు పాలీషు పడతాండా.
రాయి గరుగ్గా ఉన్నంతసేపు మిషను ఒక రకంగా అరుస్తాది,
నున్నగైనాక గొంతు మారుస్తాది.
పాప జవాబుల్లో ఆ రెండో గొంతు.
యాడా తట్టుకోకుండా జారిపోతాంది మాట.
"బట్టీ పట్టినావు గదమ్మే" అన్యా.
"అట్లనే చెప్పల్లంట నాయనా.
మేస్త్రీ కొడుకు హైదరాబాదులో డబ్బు కట్టి మరీ
ఇవే నేర్చుకుంటాండు."

పద్నాలుగో ప్రశ్న పేపర్‌లో లేదు.
"జలదారి మీది బండ, పారేస్తామంటే ఏంటికి పారేయనియ్యవు?"

ఒళ్లో చేతులు లేచినాయి.
వరసలు వరసలుగా వంపులుండే బండ అది,
సేటు పనికిరాదని మూలకేసింది.
ఆ వంపులు నీళ్లవంట. లోతులేని సముద్రమంట ఇది.
మనిషి లేడు, గడ్డిపోచ లేదు, చేప గుడక పుట్టలేదంట,
గాలి తోలితే అడుగు బురదలో అలలు పడి
అట్లే రాయి అయిపోయినాయంట.
"నాలుగు దినాలకొకసారి ట్యాంకరొచ్చే ఊర్లో సముద్రమా" అన్యా.
ఎంత కోపమొచ్చిందో దానికి!
తడబడింది, వెనక్కొచ్చింది, మళ్లీ చెప్పింది,
నేల మీద వేలితో గీసి చూపిచ్చింది.
గరుకు గొంతు. ఇంగా వినబుద్ధయ్యింది.

బెంగుళూరు యూనివర్సిటీ వాళ్లు ల్యాప్‌టాప్‌లోనే అడుగుతారంట,
బేస్తవారం పదకొండు గంటలకు.
మా గోడకానుకొనే నాలుగు ఫ్యాక్టరీలు.
సముద్రం చెప్పే పిల్ల నోటెంట రంపం మోతే గదా వాళ్లకు వినపడేది.
బుధవారం మాపున ఒక్కో గేటూ తిరిగినా:
అరగంట మిషన్లు ఆపండప్పా, పాపకు ఇంటర్వ్యూ.
నారపరెడ్డి టీ తాపి సరే అన్యాడు.
ఇంగొకాయన ఏం చదువని అడిగి, చెప్తే అర్థంకాక, సరే అన్యాడు.
మా సేటు నా కూలిలో పట్టుకుంటానన్యాడు.
నాలుగో ఆయన గేటే తీయలేదు.

పదకొండు. ఒకటి ఆగింది. రెండు. మూడు.
నాలుగోది ఆగదు. ఆగదు.
పదకొండూ నాలుగుకు అదీ ఆగింది.
మా వీధి ఎట్ల ఉంటాదో అప్పుడు విన్యా,
యాడో పావురం రెక్క, ఎవరిదో దగ్గు.
సరిగ్గా అప్పుడే ట్యాంకరొచ్చింది.
బిందెలు మోగకుండా ఆడోళ్లు కొంగులు అడ్డం పెట్టినారు.
ఊరికే నోరేసుకోని పడే సుంకులమ్మ గుడక
ఆ పొద్దు సైగలతోనే కొట్లాడింది.

తలుపు బయట నేను. లోపల ఇంగ్లీషు, నున్నటి గొంతు.
జారిపోతాంది, జారిపోతాంది,
ఉన్నట్టుండి ఆగింది.
ఏమడిగినారో!
దబ్బున తలుపు తెరుచుకుంది.
"నాయనా, ఆ బండ!"

నేనూ ట్యాంకరు డ్రైవరూ చెరోపక్క పట్టినాం.
జలదారి మురికి కారతానే ఉండాది.
ల్యాప్‌టాప్ ముందర నిలబెట్టి, పడిపోకుండా పట్టుకోని
వెనకాల కూచున్యా, వాళ్లకు కనపడకుండా తల వంచుకోని.
నా వేళ్లు మాత్రం కనపడింటాయి.
బండకు ఆ పక్క పాప మాట్లాడతాంది,
సగం వాళ్లది, సగం మనది, తడుముకుంటా.

ఏమైతాదో తెలీదు. మే ఆఖర్లో చెప్తారంట.
సేటు అరగంట కాదు, గంట పట్టుకున్యాడు.
రాత్రి అందరూ పండుకున్యాక
ఒక చెంబు నీళ్లు తెచ్చి బండ మీద పోసినా.
"ట్యాంకరు నీళ్లు!" అని నిద్రలోనే అరిచింది మా ఇంటామె.
వంపుల్లో రోంత రోంత నిలిచినాయి నీళ్లు.
ప్రతి అలకూ ఒక పక్క ఏటవాలు, ఇంగో పక్క నిట్రం.
ఆ పొద్దు గాలి ఏ దిక్కునుంచి తోలిందో
తెల్లారినాక లోహితను అడగల్ల.