ఎడం సీటు

ఇరవై రెండేళ్లు తోలినాను ఈ తోవ,
శ్రీకాకుళం నుంచి టెక్కలి, ఆపైన తేలినీలాపురం.
ఎడం సీట్లో కూకోడం ఇదే మొదలు.

పోలెండు నుంచొచ్చినాది, పేరు ఆగ్నెష్కా.
నా నోటికి ఆగ్నమ్మ.
పక్షుల లెక్క రాసుకుంతాదట.
"నేనే వాహనమును నడిపెదను" అన్నాది
ఆవిడ ఫోను.
బూడిద రంగు పుస్తకమొకటి తీసి సూపినాది,
ఫోటో, ముద్రలు, అంతుపట్టని రాత.
టెక్కలి జంక్షన్లో కానిస్టేబులు
దాన్ని తలకిందులుగా పట్టుకోని సానసేపు సదివి
"సరిగ్గానే ఉంది" అన్నాడు.

మలుపొస్తే సిగ్నలు బదులు వైపరేస్తాది.
సుక్క వాన నేదు, పుష్యమాసం ఎండ,
అద్దం మీద కీసుకీసుమని రబ్బరు.
ఎదరొచ్చిన లారీవోడు ఆకాశంకేసి సూసినాడు.
నా కుడికాలు
లేని బ్రేకుని తొక్కతానే ఉంది.
బండి నాది. పదకొండు కిస్తీలు ఇంకా బేంకువి.

హారనేల కొట్టవమ్మా అంటే
"ఎవరి మీద కోపము?" అన్నాది.
కోపమేటి తల్లీ,
గుమ్మంలో దగ్గినట్టది,
నానొస్తన్నానని సెప్పడం.
రెండు ఊళ్లు దాటేదాకా ఆలోచించి
ఒక గేదెకి దగ్గినాది.

సూపంతా రోడ్డుకిచ్చీసినోడికి
పక్కలేటి తెలుస్తాయి?
మంచె మీద రేడియో పెట్టుకున్న ముసలాయన
ఎన్నేళ్ల నుంచున్నాడో అక్కడ,
నా హారను ఎన్నిసార్లిన్నాడో.

నౌపడ తోవలో రోడ్డంతా ఉలవ కట్టెలు పరిసినారు.
ఆగ్నమ్మ ఇంజినాపీసి దిగిపోనాది.
"ఆహారము మీద ఎట్లు నడుపుదును?"
వాళ్ల తాత, రొట్టెముక్క కింద పడితే
ముద్దెట్టుకోని తీసీవోడట.
నానేటి సెప్పాలో తోచక ఉండగానే
చాటతో దాలమ్మ పరిగెట్టుకొచ్చినాది:
"ఆపీసినావేటమ్మా! తొక్కించు, తొక్కించు!
పొద్దుట్నుంచి రెండే రెండు బళ్లొచ్చినాయి!"

ఆ మాటని ఫోను ఏ రకంగా మార్చినాదో గానీ
ఆగ్నమ్మ నవ్వనేదు.
సెప్పులిప్పి, ఉత్త కాళ్లతో కూకోని
మొదటి గేరులో ఎల్లినాది.
ఎనక్కొచ్చినాది. మళ్లీ ఎల్లినాది.
టైర్ల కింద కాయలు సిటసిటమన్నాయి.
నాను కిటికీలోంచి తల బయటెట్టి
కుడికి, ఇంకొంచెం కుడికి, అంటన్నాను,
బ్రేకు సంగతి మర్సిపోనాను.
దాలమ్మ దోసెడు ఉలవలు ఆవిడ జేబులో పోసినాది,
బూడిద పుస్తకమున్న జేబులో.

సింతసెట్ల మీద కొంగలు, గూడకొంగలు, పిల్లల గోల.
దూరంగానే ఆపినాది బండి.
మా ఊరిలో ఇవి కరెంటు స్తంభాల మీద
గూళ్లు కడతాయన్నాది. వేరే రకమట.
ఈటికి ఆ పుస్తకం అక్కర్లేదా అనడిగినాను.
రాసుకుంతంది, ఇన్నేదు.

రేతిరి శ్రీకాకుళంలో, లాడ్జి కాడ,
ఎంతివ్వవలెనంది.
తోలింది నువ్వు, కూకున్నది నాను,
ఊరు కొత్తగా సూసినదీ నానే,
ఎవరు ఎవరికియ్యాల?
పైకి అన్నేదు. కిస్తీ గుర్తొచ్చి
సెయ్యి సాపినాను.
నోట్లతో పాటు మూడు ఉలవలొచ్చినాయి.
దీపం కింద లెక్కెట్టుకున్నాను.
సరిగ్గానే ఉన్నాయి.