మాటవరస

సజ్జా అని మొదటిసారి విన్నప్పుడు
సజ్జచేన్లుంటయేమో అనుకున్న.
షార్జా దాటినంక లారీలు, సిమెంటు బట్టీలు,
మా క్యాంపు.

మూడో బ్లాకు, రెండో అంతస్తు,
వరండా మూలకు తెల్ల డబ్బా.
మనిషికి పదిహేను దిర్హాములేసుకొని కొన్నం.
స్టోరుల పనిచేస్త, నాలుగు ఇంగ్లిషు ముక్కలొస్తయని
దాని పాస్‌వర్డు నాకు అప్పజెప్పిన్రు,
గంప కింద కోడిపిల్లల్ని అప్పజెప్పినట్టు.

డబ్బాకు తెలిసిన చిరునామాలు యాభై.
మేం అరవై ముగ్గురం,
కొందరికి రెండేసి ఫోన్లు.
యాభై ఒకటోడు వరండాల ఫోనెత్తి పట్టుకొని
చీకట్ల స్విచ్చి వెతుకుతున్నట్టు తిరిగేటోడు.
ఒకసారి ఇచ్చిన అంకె రోజంతా వానిదే,
వాడు క్రేను మీదున్నా సరే, బస్సుల నిద్రపోతున్నా సరే.
కిరాయి గడువు రెండు గంటలకు దించిన.
మా మంచాల పద్ధతే గదా,
పగటోడు లేస్తడు, రాత్రోడు ఒరుగుతడు,
దిండుల గుంట ఇంకా పూడకముందే.
యాభైని రెండు వందలు చేసిన.
కార్డు గడువు దాటి ఆర్నెల్లయిన భూమేషుకు గూడ
డబ్బా ఏమడగకుండ ఒక చిరునామా ఇచ్చింది.

అయినా శుక్రవారం రాత్రులు పీకులాటే.
ఇర్ఫాన్ సినిమా, గుల్‌జమాన్ క్రికెట్టు,
నడుమ గంగరాజం గొంతు ముక్కలు ముక్కలు:
"పంపి... పంప... ఏంది? పంపినవా, పంపాల్నా?"

డబ్బా లోపల నాలుగు వరుసలున్నయి:
మాట, బొమ్మ, మామూలు, ఆఖరుది.
మాటను ముందల నిలబెట్టిన.
బొమ్మలు ఆగుతయి, ఆగనీ.
సినిమా ఆగితే ఎవడూ చావడు.
గంగరాజం గొంతు అతికింది.
ఆ రాత్రి నాకు పిలిచి చాయ్ పోసిన్రు.

నాలుగు రోజులకు లింబాద్రి వచ్చిండు.
పరంజీ కట్టే మనిషి, మోర్తాడ్ దిక్కు.
గడపల నిలబడి చెప్పు కాలితో నేల గీరుకుంట,
"అందరి మాట మంచిగైందంట అన్నా.
మా ఇంటామెకు మాట లేదు."

పుట్టు మూగ, చెవుడు.
బడిల నేర్పిన సైగలు గావు, ఇంట్ల పుట్టినయి:
మీసం దువ్వితే మామ,
ముక్కు మీద వేలుంచితే పక్కింటామె,
పిడికిలి నుదుటికి ఆనిస్తే నువ్వెప్పుడొస్తవని.
సోమవారం బర్రె సంగతి చెప్పవట్టింది.
అరచెయ్యి బోర్లించింది.
దాన్ని తిప్పితే ఈనినట్టు.
అట్లనే కిందికి దించితే పోయినట్టు.
చెయ్యి ఆడనే ఆగింది.
చుట్టూ చిన్న గుండ్రం తిరుగుతనే ఉన్నది.

నాలుగు రోజులుగ ఆ చెయ్యి
వీని కళ్లల్ల బోర్లా.

పక్కింటోళ్లకు చేసి అడగొచ్చు గదా అన్న.
"ఆమె చెప్పాల్నని చూస్తుందన్నా," అన్నడు.

నేను వరుసలు కట్టినప్పుడు
మాటంటే నోట్లకెళ్లి వచ్చేదే అనుకున్న.

కూసోబెట్టి, వాని ఫోను అడుగున ఉన్న
పన్నెండక్షరాల గుర్తు చూసి కొట్టిన.
చివర అరవై ఎనిమిది. గడువు లేదు.
నిద్రపోయినా, సైటు మారినా, ఆ అంకె ఇంకొకనికి పోదు.
ఆ అంకెకు ఏదొచ్చినా, ఏది పోయినా
మొదటి వరుసల పెట్టమన్న.
పేరు రాయమని అడిగింది డబ్బా.
లింబాద్రి అని కొట్టి, చెరిపి,
మాట అని రాసిన.

వరండా గోడకు ఫోను ఆనించి
గ్లౌజులు ఇప్పిండు వాడు.
రెండు చేతులూ కావాలె గదా.
ఆడ ఆమె చెయ్యి లేచింది.
బోర్లింది.
ఊపిరి పట్టుకొని నేను గూడ చూస్తున్న.
తిరిగింది.
తర్వాత చెవుల దగ్గర రెండు వేళ్లు ఆడించింది, ఇద్దరూ నవ్విన్రు,
అదేందో నాకు తెల్వదు, నేనడగలేదు.

లోపల్నుంచి గుల్‌జమాన్ కేక.
వాని తెర మీద బంతి గాలిల నిలబడ్డది,
కింద ఎవడో చేతులు చాపుకొని.
పట్టిండో, జారిందో.

కొంచెంసేపు ఉండనీ.