ఇరవై మూడో తునక

ఐసు డబ్బా కాళ్ల మధ్య పెట్టుకుని
అలిపిరి రోడ్డు మీద స్కూటరు తోలుతున్నాను.
థియేటరు తలుపు సందులోంచి చేతికిచ్చారు,
చిటికెనవేలి గోరంత గుండె.
గడియారం అప్పుడే మొదలైంది.
ఇరవై నిమిషాలు దాటితే
అందులోని పొయ్యిలు నాకు నిజం చెప్పవు.

జీపుల వెనక జీపులు. చందనం పూసిన గుండ్లు.
గోవిందా అంటూ రోడ్డు దాటుతోంది ఒక గుంపు,
ముసలామె చెయ్యి పట్టుకుని, నింపాదిగా.
హారన్ కొట్టలేదు.
పళ్లు బిగించి నేనూ అదే మాట అనుకున్నాను,
ఇంకో అర్థంలో.

చలిగదిలో నూరి, వడగట్టి,
గిరగిరా తిప్పిన గొట్టం అడుగున
మైటోకాండ్రియా:
ముడిబెల్లం రంగులో ఒక మరక.
పేరు రాయకూడదు, అది నియమం.
ఇరవై మూడు అని రాశాను.

నెత్తురు ఆగిపోయి చచ్చే కణాలు కొన్ని.
వాటి సంగతి అందరికీ తెలుసు.
దారి తెరిచాక,
ఊపిరి తిరిగొచ్చాక,
సరిగ్గా ఆ తిరిగొచ్చిన నిమిషంలోనే చచ్చేవి ఇంకొన్ని.
నా పదకొండేళ్లు వాటి దగ్గరే అయిపోయాయి.
పొరలో ఒక తలుపు తెరుచుకుంటుంది,
గడియ తీసింది ఎవరో ఇంకా తేలలేదు.
లోపలున్నంతసేపూ మంటకు సాయం పట్టిన ఓ చిన్న ప్రోటీను
గడప దాటిందా,
చావుకబురు మోసేవాడైపోతుంది.

నలభై రోజులకి చెకప్‌కొచ్చిన మనిషి
అడుక్కుంటూ అడుక్కుంటూ మా మెట్లెక్కాడు.
చెంగల్రాయుడు. పెనుమూరు పక్కన గానిగ సాల.
చొక్కా గుండీల సందున కుట్ల గీత.
"నా గుండెలో తునక తీసుకుంటివంట గదమ్మా,
ఏం జేస్తివి దాన్ని?"

ఏం చెప్పాలి?
కాగితం మీద పొయ్యి గీశాను.
ఒక్కో కణంలో ఇట్లాంటివి వేలు అన్నాను.
తల్లి నుంచే వస్తాయి, తండ్రి నుంచి రావు అన్నాను.
చాలాసేపు ఆ బొమ్మనే చూశాడు.
"మాయమ్మ పిడక ముక్క మీద
పక్కింటి నుంచి నిప్పు తెచ్చేది.
చెయ్యి అడ్డం పెట్టుకోని. ఆరనిచ్చేది గాదు."

తిరిగొచ్చిన ఊపిరి సంగతీ చెప్పాను.
ఆయన ఆశ్చర్యపోలేదు.
"ఆరిన పొయ్యిలోకి పిప్పి ఒక్కసారిగా ఎగదోస్తే
పెనం బీట్లిస్తాది మేడమ్మా.
రోంత రోంత మంట పెట్టల్ల.
మా సాలలో పిలకాయలకు గూడా తెలుసు."

నెత్తురు రోంత రోంతగా వదిలే పద్ధతి
మేమూ చూశామండీ అన్నాను.
ఎలుకల్లో కుదిరింది, మనుషుల్లో
కుదిరిందని చెప్పలేను.
"ఎలకలు బెల్లం తింటాయి గానీ వండవు గదా!"
నవ్వాడు.
నవ్వుతూనే ఎముక నొప్పికి రొమ్ము పట్టుకున్నాడు.
నా చెయ్యి గాలిలోనే ఆగింది,
ఏ మీటరూ లేని చెయ్యి.

పోతూ పోతూ పాత పేపర్లో చుట్టిన అచ్చు
బల్ల మీద పెట్టాడు.
ల్యాబులో తినకూడదు, అదీ నియమమే.
సాయంత్రానికి చీమలు కిటికీ దిగి,
నా పదకొండేళ్ల ఫైళ్ల మీదుగా బారు కట్టాయి.

ఆ రాత్రి ఇరవై మూడో గీతను మళ్లీ తెరిచాను.
ప్రాణవాయువు అందించిన నాలుగో నిమిషం దాకా
చక్కగా నడుస్తుంది.
అక్కడ ఒక చిన్న ఒంపు. ఆ తర్వాత దిగుడు.
ఇరవై రెండు గీతల్లోనూ అదే దిగుడు, ఒంపు మాత్రం లేదు.
యంత్రం తప్పే కావచ్చు.
నా చేతి వణుకూ కావచ్చు.
పెన్సిలుతో దాని చుట్టూ సున్నా చుట్టి
పక్కన ఏమీ రాయలేదు.

ఫోను మోగింది.
"మేడం, ఇరవై నాలుగు. పొద్దున ఏడింటికి."
ఫ్రీజరు తెరిచి
ఐసు పగలగొడుతున్నాను.
వేలికి అంటిన బెల్లం ఇంకా పోలేదు.