ఒంటి జూకా

నీ జూకా ఒకటి పోయిందని
మిగిలినదాన్ని పొగాకు డబ్బాలో పెట్టి పంపావు.
"దీనికి జత చెయ్యి" అన్నావు, అంతే.
మెయిసీ, నువ్వు గ్రేడరు నడిపే మనిషివి,
రోడ్డు మీది మంచు గీకేసినంత తేలికనుకున్నావు.

జంటగా పుట్టినవైతే
ఒకదాని వంకర ఇంకొకటి కప్పుతుంది.
ఒంటిగా పుట్టేది మాత్రం
పక్కదాని ముందు నిలబడి
పూస పూసకీ లెక్క చెప్పాలి.

పీల్ నది గడ్డకట్టి చాలా రోజులైంది.
సూర్యుడు మొహం చూపించడం మానేశాడు.
వంటింటి బల్ల మీదికి దీపం లాక్కుని
పాత దుప్పటి ముక్క పరిచాను,
జారిన పూస దొర్లిపోకుండా.
సూదిలోకి దారం ఎక్కించేది లాయిడ్ గాడు,
నా మనవడు, ఏడేళ్లవాడు.
దారానికొక రొట్టెముక్క కూలి.
నా కళ్లకి సూది బెజ్జం ఎప్పుడో మూసుకుపోయిందని వాడికి తెలుసు,
అందుకే బేరం ఆడడు, పెంచుతాడు.

పైన ముక్కోణం, ఇటుక మీద ఇటుక పేర్చినట్టు.
అది చెయ్యి దానంతటదే కుడుతుంది.
కింద పదకొండు పోగుల కుచ్చు:
ఎరుపు, తెలుపు, ముళ్లపంది ముల్లు ముక్క,
మళ్లీ తెలుపు, చివర రెండు పసుపు.
ఆ పసుపు దగ్గరే ఆగిపోయాను.
కాచిన కొవ్వు చల్లారేటప్పటి రంగు అది.
ఇనువిక్ దుకాణంలో అడిగితే
స్కూలు బస్సు పసుపు తెచ్చి చూపించింది ఆ పిల్ల.
"పసుపు పసుపేగా" అంది.
పాపం, దాని తప్పేముంది.

అమ్మ సగం కుట్టి వదిలిన చెప్పు గుర్తుందా?
మూస్ తోలు మీద నాలుగు రేకుల పువ్వు,
నాలుగోది సగంలో ఆగింది,
సూది ఇంకా దానికే గుచ్చి ఉంది, తుప్పు పట్టి.
ఆ సూదిని నేను ముట్టుకోలేదు.
మూడో రేకు విప్పాను.
నన్ను తిట్టుకో, పరవాలేదు.
విప్పుతుంటే తోలు పొగ వాసన
అప్పుడే పొయ్యి మీంచి తీసినట్టు వచ్చింది.
లాయిడ్ ముక్కు ఎగబీల్చి
"ఎవరొచ్చారు?" అన్నాడు.

ఇరవై రెండు కావాలి, ఇరవై ఒకటి దొరికాయి.
దుప్పటి దులిపాను, పిల్లి కాళ్ల కింద వెతికాను.
చివరికి నీ జూకానే దీపానికి అడ్డం పెట్టి
పోగు పోగూ మళ్లీ లెక్కపెట్టాను.
ఏడో పోగుకి పసుపు ఒకటే!

నేనే కుట్టాను దాన్ని.
అమ్మని ఆసుపత్రి విమానం ఎక్కించిన రాత్రి
నిద్రపట్టక కుట్టినది.
ఎనిమిదేళ్లుగా నీ చెవి కింద
ఆ రాత్రి ఒక పూస తక్కువై ఊగుతోంది.
నువ్వు చూడలేదు, నేనూ చూడలేదు,
ఫిడేలు మోగితే నువ్వు ఎగిరే ఎగురుడుకి
లెక్కపెట్టే వీలు ఎవరికి దొరికింది?

సరే, తప్పుని కూడా అచ్చంగా దింపుదామనుకున్నాను.
ఇరవై ఒకటీ సరిపోతాయి,
అమ్మ ముందే ఎంచి పెట్టినట్టు.
పదో పోగు దగ్గర సూది బలంగా లాగాను.
టిక్కుమంది. పూస పగిలింది.
బల్ల మీద గాజు నలుసు,
కంట్లో పడేంత కూడా లేదు.

కాసేపు ఊరుకున్నాను.
టీ చల్లారింది.
లాయిడ్ చెయ్యి చాపాడు,
అరచేతిలో ఒక బస్సు పసుపు.
"ఇదీ పసుపేగా."
దుకాణం పిల్ల మాటే వీడి నోటా వచ్చింది,
ఈసారి నాకు కోపం రాలేదు.
కట్టేశాను.

మెడ వైపు ఉండే పోగు అది,
జుట్టు విరబోసుకుంటే కనపడదు.
కనపడితే మాత్రం
మా మనవడి పూస అని చెప్పు.

డబ్బాలో రెండూ దూది మధ్య పెట్టాను,
కొక్కేలు చిక్కుపడకుండా.
పాతది కాస్త వెలిసింది, కొత్తది కాస్త బిగువు.
రెండు మూడు పాటలకి అదే వదులవుతుంది.

ఇంకో మాట.
మంచు కరిగాక హాలు వెనక బురదలో
ఆ పోయినది దొరికిందనుకో,
పారెయ్యకు, ఇదే డబ్బాలో నాకు పంపు.
నా చెవులు బోడిగా ఉండి చాలాకాలమైంది.
దాని జతకి పసుపు ఎక్కడ దొరుకుతుందో
అప్పుడు చూసుకుంటాను.