బెల్లం మండీ హాలు

చీమలకు తెలిసినంతగా ఈ హాలు చరిత్ర
మునిసిపాలిటీ ఫైలుకు తెలియదు.

చిత్తూరులో, నీవా నదికి రెండు వీధుల ఇవతల,
మా నాయన చెంగల్రాయుడు తెర లాగిన హాలు.
అంతకు మునుపు బెల్లం గోడౌను.
ఎన్ని ఎండాకాలాల పాకం ఇంకిందో సున్నంలోకి,
ముసురు పడితే చాలు గోడలు చెమర్చేవి.
ముందు వరసలో తాసీల్దారు ముక్కెగబీల్చి
"ఎవురింట్లోనో పొంగలి పెడతా ఉండారే" అనేవాడంట.

కాటి సీను నాడు
గోవిందస్వామి నాయుడి కాళ్ళకు చీమలు బారుతీరాయి.
కాలు విదిలిస్తే రసభంగం.
తీసిన రాగం తెంచకుండా నిలబడ్డాడు.
కళ్ళల్లో నీళ్ళు చూసి జనం వన్స్‌మోర్ అన్నారు.
మూడుసార్లు పాడాడు.
మూడుసార్లూ కుట్టాయి.
ఆ రాత్రి ఆయన పాదాలకు కొబ్బరినూనె రాస్తూ
నాయన నవ్వాడని ఒకసారి, ఏడ్చాడని ఒకసారి
చెప్పేది మా అమ్మ.

శనివారం తెలుగు నాటకం, ఆదివారం అరవ నాటకం.
హార్మోనియం ఒకటే, దాని పెట్టెకు తాళం లేదు.
వేలూరు నుంచి వచ్చిన కోమలవల్లి
వేషం తీసేస్తూ గ్రీన్‌రూము గోడకు బొట్టుబిళ్ళ అంటించింది.
తర్వాత వచ్చినోళ్ళంతా దాని పక్కనే.
ఆ గోడకు అమ్మవారు పోసినట్టుంటుంది.

అద్దె పుస్తకం నా దగ్గరే ఉంది.
సమాజాల పేర్లకెదురుగా బాకీ, బాకీ, సగం బాకీ.
పేజీలు తిప్పేకొద్దీ పేర్లు మారిపోతాయి:
కంటి ఆపరేషన్ల క్యాంపు,
మామిడిగుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళ మీటింగు,
ఓట్ల పెట్టెలు, రెండు రాత్రులు, ఇద్దరు పోలీసులు.
నీవా పొంగిన ఏడు
పదకొండు రోజులు, నూటముప్పై మంది.
ఆ వరసలో అద్దె గడి ఖాళీ.
సున్నా కూడా పెట్టలేదు నాయన.

ఆ పదకొండు రోజుల్లోనే
కూలిన గుడిసె ముసలామె ఒకామె అడిగిందంట,
"అడివి తెర దించు నాయినా,
ఒట్టి గోడ చూస్తా ఉంటే నిద్ర పట్టలే."
కప్పీ కొక్కెం విరిగిపోయి ఉంది.
ఆమెకు గురక వచ్చేదాకా
అడివినంతా చేతుల మీద పట్టుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు ఏసీ పెడుతున్నారు.
కుర్రింజనీరు గోడ గీకి గీకి విసుక్కున్నాడు,
రంగు నిలవడం లేదని. ఏం పూసేవాళ్ళయ్యా దీనికి?
"షుగరుండాది సార్ దానికి" అన్నాను.
నవ్వలేదు. పుస్తకంలో రాసుకున్నాడు.

తెరలు తూకానికి పోయాయి,
రాజసభ, వీధి, అడివి, అన్నీ ఒకే తక్కెడలో.
తాడు ఎవరికీ అక్కర్లేదన్నారు.
తెచ్చి దొడ్లో బట్టలారేసుకోడానికి కట్టాను.
మధ్యలో ఒకచోట, రెండు జానల మేర,
నున్నగా అరిగి ఉంటుంది.
మా ఆవిడ క్లిప్పు అక్కడ నిలవదు,
జారిపోతుంది.