సగంలో సగం

మూతబడిన బడి వ్యాయామశాలలో, బాస్కెట్‌బాల్ బుట్ట కింద
పదకొండు మంది ఆడవాళ్లం వెల్లకిలా పడుకుని ఉన్నాం.
మంగళవారం, పొద్దున పదకొండు. సముద్రం పోటు మీదుంది.
ఈ గలీసియా తీరంలో మాకు అదే సెలవు.
చెక్క నేల మీద కంబళ్లు, కంబళ్ల మీద మేము,
మా మీద ఎన్ని నీళ్లు పోసుకున్నా వదలని బురద వాసన.

పోటుకి మా దగ్గర రెండర్థాలు.
సముద్రంలోది ఆరు గంటల్లో దిగిపోతుంది.
నా కుడి భుజంలోది తొమ్మిదేళ్లుగా దిగలేదు.

నేను రానంటే ఒబ్దూలియా లాక్కొచ్చింది.
ముప్పై ఎనిమిదేళ్లు మోకాటి లోతు చన్నీళ్లలో
వంగి, ఇనుప గొర్రు లాగి, ఇసుకలోంచి గుల్లలు ఏరినదాన్ని.
నడుం బిగించడం తెలుసు నాకు.
పట్టపగలు నడుం వాల్చడం ఒళ్లు వంగనివాళ్ల పని.
డాక్టరు భుజానికి ఎక్స్‌రే తీసి "వయసు" అన్నాడు.
మా తమ్ముడు ఎక్స్‌రే తీయకుండానే అన్నాడు.

నేర్పే పిల్ల పేరు ఇరియా. లావుపాటి ఊలు సాక్సులు, సన్నటి గొంతు.
విరుస్తుందనుకున్నాను, మెలిపెడుతుందనుకున్నాను,
ముందే పళ్లు బిగించుకున్నాను.
తలని కుడికి దొర్లించండి, అంది. అంతే.
నొప్పి ఇంటి గడప దాకా వెళ్లొద్దు,
దాని వీధి మలుపులోనే వెనక్కి తిరగండి.
ఎంత వెళ్లగలరో అందులో సగం.
ఇప్పుడు ఆ సగంలో సగం.

నవ్వొచ్చింది నాకు.
సంఘం తూకం దగ్గర సగంలో సగానికి ఎంతిస్తారో
ఈ పిల్లకి తెలీదు.

అయినా దొర్లించాను.
చెవి కింద కంబళి గరగరలాడింది.
ఎడమ పిర్ర నేలకి ఆనుతోంది, కుడిది ఆనడం లేదు.
అరవై ఏళ్లు నిండాక తెలిసిన సంగతి.

"ఎవరో ఊపిరి బిగబట్టారు" అంది, ఎవరి పేరూ ఎత్తకుండా.
గుమ్మడికాయల దొంగలా భుజం తడుముకోబోయాను.
భుజం దాకా చెయ్యి రాలేదు.

అప్పుడొచ్చి పక్కన కూర్చుంది.
ఒక అరచెయ్యి నా రెక్క కింద, ఒకటి మోచేతి కింద.
నొక్కలేదు, రుద్దలేదు.
కట్టు విప్పిన పడవని ఒడ్డున నిలబడి ఆపినంత మెల్లగా
అటూ ఇటూ ఊపింది.
"చెయ్యి నాకు వదిలెయ్యండి."
"వదిలేశాను కదా."
"సరే" అని తన రెండు చేతులూ తీసేసింది.

నా చెయ్యి అలాగే గాల్లో ఉంది.
ఎవరూ పట్టుకోలేదు దాన్ని.
పిడికిలి సగం మూసుకుని,
లేని బకెట్టుని మోస్తూ.

ఒబ్దూలియా కిసుక్కుమంది. నేనూ నవ్వాను.
కాసేపటికి నాది ఆగిపోయింది.

ఆ బకెట్టు నాకు తెలుసు.
ఓడ పగిలి నల్ల చమురు మా ఇసుక మీదికొచ్చిన చలికాలం,
పారలతో ఎత్తి, వరసలో నిలబడి,
చేతి నుంచి చేతికి అందించాం, రోజుల తరబడి.
ఒక సాయంత్రం నా తర్వాతి మనిషి
చలికి తట్టుకోలేక వెళ్లిపోయింది.
నా చేతిలోది ఎవరికి అందించానో గుర్తు లేదు.
అందించానో లేదో.

ఇరియా ఏమీ అడగలేదు.
మళ్లీ అరచెయ్యి పెట్టింది, మళ్లీ ఊపింది,
పైన పావురం ఒకటి రేకుల మీద అటూ ఇటూ నడిచింది.
ఎంతసేపు పట్టిందో, చెయ్యి దిగింది.
సగం. ఆగింది.
మిగిలిన సగంలో సగం.
ఆఖరికి వేళ్లకి తగిలిన చెక్క
ఎండేమీ లేకున్నా వెచ్చగా ఉంది.

నయమైపోయిందని చెప్పను.
గురువారం తెల్లవారుజాము ఆటులో
గొర్రు ఇంకా నీళ్లలో దించనే లేదు,
పళ్లు అప్పటికే బిగిసి ఉన్నాయి. చూసుకున్నాను. వదిలాను.
భుజంతో కాక తుంటితో లాగి చూశాను.
తూకంలో నాలుగు వందల గ్రాములు తగ్గింది.

వంటింట్లో పై అర ఇంకా అందదు.
పంచదార డబ్బా కింది అరలోకి దింపుకున్నాను.
వచ్చే మంగళవారం పోటు సాయంత్రం అయిదింటికి.