ఎర్ర చుక్క గడి

బాలాజీ కాలనీ సందులో నా జిరాక్సు అంగడి.
కులం పత్రాలు, పెన్షను కాగితాలు, కొండకి దర్శనం టికెట్లు,
ఎవురు ఏం చెప్తే అది కొడతాను.
రెండో మాట అడిగే అలవాటు లేదు.

ఆ పొద్దు ఇద్దురొచ్చినారు,
యూనివర్సిటీలో చదవను వచ్చిన బయటి దేశం పిల్లోళ్ళు.
పోలీసాఫీసు ఫారం నింపాలంట.
నొదిరా. ఐబెక్.
"మేమిద్దరం ఉజ్బెక్కులం" అనింది ఆ పాప,
అడక్కముందే.

పాసుపోర్టులు తిప్పితే
పాపది ఉజ్బెకిస్తాన్, పిల్లోడిది కిర్గిజ్‌స్తాన్.
"ఇదేంది నాయనా?"
"మా ఓష్ ఊరు యాడికీ పోలేదక్కా,
గీతే వచ్చి మా పక్కన పడింది."

నేను మౌసు మీద చెయ్యి తీసేసినాను.

మాది నగరి. మా మరగదం అత్తది తిరుత్తణి.
బస్సెక్కితే తడిచీర కొంగు ఆరేలోపల పోవచ్చు.
అరవై ఏట ఆ పక్కని మద్రాసుకి ఇచ్చేసి
మమ్మల్ని ఈ పక్క పెట్టుకున్నారు.
వాళ్ళ పిల్లోళ్ళకి ఆ బడి, మాకు ఈ బడి.
ఒకే అవ్వ మనవలం,
ఒకరి జాబు ఇంకొకరికి చదివిపెట్టను
మనిషిని వెతుక్కోవాల్సొచ్చింది.
మద్రాసులో పెండ్లికి పోతే మేము గుల్టీలం.
హైదరాబాదులో నా కూతురు నోరు తెరిస్తే
"అరవమ్మాయివా?" అంటారంట.
ఇంట్లో ఎట్ల మాట్లాడతామో
ఇంట్లో ఎవురూ అడగరు.

మాతృభాష అనే గడి వచ్చింది.
పక్కన ఎర్ర చుక్క. నింపకుంటే మెషీను ముందుకి పోనీదు.
"ఉజ్బెక్" అన్నాడు ఐబెక్, ఠక్కున.
నొదిరా గమ్మునుండింది.
వాళ్ళమ్మ జోలపాడింది తాజిక్‌లోనంట.
బడిలో ఉజ్బెక్, బస్సులో రష్యను.
"మా ముత్తాతని ఆఫీసరు అడిగినాడంటక్కా, నువ్వెవురని.
సమర్‌ఖండ్ వాణ్ణి అన్నాడంట.
ఆ మాటకి వాళ్ళ కాగితంలో గడి లేదు.
ఉజ్బెక్ అని రాసుకుని పొమ్మన్నారంట."
చెప్పి నవ్వింది.
ఐబెక్ నవ్వలేదు.
వాళ్ళ ఊర్లో అదే మాటకి
తలుపుల మీద గుర్తులు గీసిన రాత్రులున్నాయన్నాడు.
ఆపైన చెప్పలేదు. నేనూ అడగలేదు.
రేపొస్తామని లేచిపోయినారు, ఫారం అట్నే సగంలో.

నడాన ఆదివారం వచ్చింది.
మా మిద్దె మీద పలావు పెట్టుకున్నారు.
క్యారెట్టూ మాంసమూ బియ్యమూ కలిపేయాలని పిల్లోడు,
పొర మీద పొర చెదరకూడదని పాప,
ఒకే గరిటెకి రెండు చేతులు.
"నువ్వు ఉజ్బెక్కువే కాదు పో!"
"నువ్వా చెప్పేది?"
ఘాటుకి కింద వాటా ఇంటాయన పైకొచ్చి
"ఎవురమ్మా వీళ్ళు, ఆఫ్ఘానోళ్ళా?" అంటే
"ఉజ్బెక్!"
రెండు నోళ్ళు, ఒకే గొంతు.
గరిటె ఇంకా ఎవురూ వదల్లేదు.
మద్రాసు పెండ్లిలో మా ఆయన
ఎన్నడూ లేంది తెలుగోళ్ళమని మీసం దువ్విన పొద్దు
నాకు గుర్తొచ్చింది.

సోమవారం ఆ పాప ఒకతే వచ్చింది.
"ఏం కొట్టమంటావు?"
ఫ్యాను కేసి చూసింది చానాసేపు.
"ఉజ్బెక్ అనే కొట్టక్కా. అబద్ధమేం కాదు."

ఎనభై రూపాయలు, అన్నీ పది నోట్లు.
పెదాలు కదిలీ కదలకుండా లెక్కపెట్టింది:
యక్, దు, సె, చోర్...
చోర్ అంటే ఉలిక్కిపడినాను, నాలుగంట.
నోట్లు తీసుకుని నేను మళ్ళీ లెక్కపెడతా ఉంటే
ఆ పాప నన్నే చూస్తా ఉండాది:
ఒణ్ణు, రెండు, మూణు...

ఇద్దరం నడాన ఆపేసినాము.
మొదట్నుంచీ ఎంచాల్సొచ్చింది.

ఎర్ర చుక్క పోయింది.
ఫారం ముందుకి పోయింది.